చెట్ల మధ్య ఇల్లు: కొనేముందు చదవాల్సింది పత్రాలు మాత్రమే కాదు

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ ప్రధాన రహదారుల నుంచి లోపలి సందుల్లోకి మళ్లిన వారికి రెండు నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది. తారు రోడ్డు వేడి తగ్గుతుంది, హారన్లు దూరమవుతాయి, రాతిగుట్టల పక్కన వేప, కానుగ, తురాయి చెట్లు కనిపిస్తాయి. అలాంటి చోట గేటుకు ‘ఇల్లు అమ్మబడును’ అన్న బోర్డు ఉంటే ధర అడగకుండా కదలడం కష్టం. బెంగళూరు, పుణె, దిల్లీ నగరాల్లోని పచ్చని కాలనీల్లోనూ ఇదే పరిస్థితి.

ఇక్కడ ఒక చిక్కుంది. కొనేవారు చెల్లించే ధరలో చెట్ల విలువ కూడా కలిసి ఉంటుంది. కానీ విక్రయ దస్తావేజులో ఉండేది స్థలం, కట్టడం, నాలుగు హద్దులు మాత్రమే. హద్దు అవతలి చెట్లు రేపు ఉంటాయో లేదో ఆ పత్రం చెప్పదు. ఆ పచ్చదనం వల్ల అసలు ఎంత మేలు జరుగుతుంది, దాని కింద నేల ఎలాంటిది, అది ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు విజ్ఞానశాస్త్రం నుంచి, రెవెన్యూ రికార్డుల నుంచి కలిపి వెతుక్కోవాలి. జీవితకాలపు పొదుపును ఒక్క ఇంటి మీద పెట్టే కుటుంబానికి ఈ వెతుకులాట అదనపు పని కాదు.

చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

చెట్టు రెండు విధాలుగా చల్లబరుస్తుంది. మొదటిది నీడ. ఆకుల గొడుగు ఎండను అడ్డుకోవడంతో గోడలు, రోడ్డు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా వెదజల్లే అవకాశం తగ్గుతుంది. రెండోది బాష్పోత్సేకం. వేళ్లు తోడిన నీరు ఆకుల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని చెట్టు తన పరిసరాల నుంచే తీసుకుంటుంది. నీరు బాగా అందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేసిందనుకుంటే, అది లాగేసిన వేడి దాదాపు 67 యూనిట్ల విద్యుత్తుకు సమానం. ఒకటిన్నర టన్నుల ఏసీ ఏకధాటిగా పన్నెండు గంటలకు పైగా నడిస్తే గదిలోంచి బయటికి పంపే వేడి అంత ఉంటుంది. అయితే ఏసీ మూసిన గదిలో పనిచేస్తుంది, చెట్టు బయలులో పనిచేస్తుంది. గాలి కలగలిసిపోతుంది కనుక ఒంటరి చెట్టు ప్రభావం పరిమితం. చెట్లు గుంపుగా ఉన్నప్పుడే వీధి మొత్తం చల్లబడుతుంది.

బెంగళూరు వీధి చెట్లపై హరిణి నాగేంద్ర బృందం చేసిన కొలతలు 2013లో వెలువడ్డాయి. చెట్లున్న వీధి భాగాల్లో మధ్యాహ్నపు గాలి ఉష్ణోగ్రత చెట్లు లేని భాగాల కంటే గరిష్ఠంగా 5.6 డిగ్రీల సెల్సియస్ వరకు, తారు రోడ్డు ఉపరితల ఉష్ణోగ్రత 27.5 డిగ్రీల వరకు తక్కువగా నమోదయ్యాయి. ఇవి సగటులు కావు, కనిపించిన అత్యధిక తేడాలు. అయినా నీడ ఉన్న వీధికీ లేని వీధికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఈ అంకెలు చెబుతాయి.

దక్కన్ పీఠభూమిలో మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇక్కడి సహజ అడవి ఆకురాల్చే రకం. వర్షాకాలంలో దట్టంగా కనిపించిన తుప్పల అడవి మార్చి, ఏప్రిల్ నాటికి మోడువారి ఉంటుంది. వేప, కానుగ లాంటివి ఎండాకాలం మొదట్లోనే కొత్త ఆకు తొడిగి నీడనిస్తాయి. కనుక సెప్టెంబరులో చూసి ముచ్చటపడిన ఇంటిని ఏప్రిల్ చివర మధ్యాహ్నం రెండింటికి మరోసారి చూడాలి. నీడ అవసరమైనప్పుడు నీడ ఉందా అన్నదే అసలు పరీక్ష.

గాలి, శబ్దం, ఆక్సిజన్

చెట్ల మధ్య ఇంట్లో ఆక్సిజన్ ఎక్కువగా ఉంటుందన్న మాట ప్రకటనల్లో తరచూ వినిపిస్తుంది. వాతావరణంలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. గాలి నిరంతరం కలుస్తూ ఉండటం వల్ల తోటలోనైనా, బస్టాండులోనైనా ఈ నిష్పత్తిలో మనిషి గుర్తించగల తేడా ఉండదు. చెట్ల మేలు వేరే చోట ఉంది. ఆకుల మీద దుమ్ము కణాలు నిలుస్తాయి, కొన్ని వాయువులను ఆకులు పీల్చుకుంటాయి. కానీ ఇరుకైన, రద్దీగా ఉండే రోడ్డు మీద కొమ్మలు పందిరిలా కమ్ముకుంటే వాహనాల పొగ పైకి పోకుండా కిందే నిలిచే ప్రమాదమూ ఉంది. అంటే చెట్లు ఎన్ని ఉన్నాయన్నదానితో పాటు అవి ఎక్కడ ఉన్నాయన్నదీ చూడాలి.

శబ్దం విషయంలోనూ అంచనాలు ఎక్కువే. ఒక వరుస చెట్లు వాహనాల మోతను పెద్దగా ఆపలేవు. పదుల మీటర్ల వెడల్పున పొదలతో సహా దట్టంగా పెరిగిన పట్టీ అయితే కొంత తగ్గిస్తుంది. చెట్ల మధ్య కాలనీ నిశ్శబ్దంగా ఉందంటే ఎక్కువసార్లు కారణం ప్రధాన రహదారికి దూరం, అటూ ఇటూ వెళ్లే దారి లేకపోవడం. రేపు ఆ సందును తెరిచి మరో రోడ్డుకు కలిపితే చెట్లు అలాగే ఉన్నా నిశ్శబ్దం పోతుంది.

మనసుకు కలిగే మేలుకు మాత్రం గట్టి ఆధారాలున్నాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులను పరిశీలించి రోజర్ ఉల్రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది రోగులు, ఇటుక గోడ కనిపించిన 23 మంది కంటే త్వరగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. చిన్న అధ్యయనమే అయినా ఆ తర్వాతి పరిశోధనలకు అది దారి చూపింది. ఇల్లు వెతికేవారికి పనికొచ్చే కొలబద్ద ఒకటి పట్టణ అటవీ నిపుణుడు సెసిల్ కొనైనెండైక్ 2021లో ప్రతిపాదించారు. ప్రతి ఇంటి నుంచి కనీసం 3 చెట్లు కనిపించాలి, ఆ పేటలో 30 శాతం నేలపై చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలోపు ఒక పార్కు లేదా పచ్చని బహిరంగ స్థలం ఉండాలి. ఈ మూడింటినీ ఎవరైనా నడిచి చూసి లెక్కించవచ్చు.

పచ్చదనం కింద నీరు

నగరంలో ఒక తావు మాత్రమే ఇంకా చెట్లతో, నిర్మానుష్యంగా మిగిలి ఉందంటే ‘ఇన్నాళ్లూ ఇక్కడ ఎవరూ ఎందుకు కట్టలేదు?’ అని అడగాలి. కొన్నిచోట్ల జవాబు రాతిగుట్ట, కొన్నిచోట్ల యాజమాన్య వివాదం. చాలాచోట్ల జవాబు నీరు. వాగు ఒడ్డు, చెరువు శిఖం, నాలా పల్లం లాంటి చోట్ల నేలలో తడి నిలిచి ఉంటుంది. చుట్టూ ఎండిపోయినా అక్కడ పచ్చగా ఉంటుంది. ఈ పరిశీలన మన దేశంలో చాలా పాతది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో చెట్లను, పుట్టలను ఆనవాళ్లుగా తీసుకుని భూగర్భ జలాన్ని ఎలా ఊహించాలో ఒక అధ్యాయమే రాశాడు. ఆయన సూత్రాలన్నీ నేటి పరీక్షలకు నిలుస్తాయని కాదు. మొక్కలు నేలలోని తడిని పట్టిస్తాయన్న మూల భావన మాత్రం సరైనదే. తెల్లమద్ది సహజంగా వాగుల ఒడ్డున పెరిగే చెట్టు. జమ్ముగడ్డి తడి నేలను కోరుకుంటుంది. ఖాళీ స్థలంలో జమ్ము కనిపిస్తే కొనేవారు రెండడుగులు వెనక్కి వేయాలి.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌లో కురిసిన కుండపోతకు మునిగిన కాలనీల్లో చెరువుల దిగువన, నాలాల పక్కన వెలసినవి ఎన్నో ఉన్నాయి. నీరు తన పాత దారిని మరిచిపోదు. ఆ దారిని ముందే తెలుసుకునే వీలు నేడు ఇంటి నుంచే ఉంది. సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’లో ఉపగ్రహ చిత్రాలను చూడవచ్చు. పాత పటంలో నీలి గీత ఉన్నచోట నేటి చిత్రంలో ప్లాట్లు కనిపిస్తే ఇంకేమీ చెప్పనక్కరలేదు. హైదరాబాద్ మహానగర పరిధిలో 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్ల వరకు కట్టడాలకు వీల్లేదు. ఇల్లు ఆ గీతకు ఏ పక్కన ఉందో దరఖాస్తు పెట్టి అడగవచ్చు.

గుట్టల మీది ఇళ్లకు కష్టం తలకిందులుగా ఉంటుంది. ఇక్కడి భూగర్భం గ్రానైట్. శిథిలమైన పై పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు ఉంటుంది. పక్క ఇంట్లో బోరు పడినంత మాత్రాన ఈ ఇంట్లో పడుతుందని లేదు. వేసవిలో ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయో వాచ్‌మన్‌ను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

వేళ్లు, గోడలు, గాలివాన

చెట్టు ఎంత ఎత్తు ఉంటే వేళ్లు అంత లోతుకు వెళతాయన్నది అపోహ. చాలా చెట్ల వేళ్లలో ఎక్కువ భాగం నేల పై మీటరులోనే ఉంటూ కొమ్మల పరిధిని దాటి పక్కలకు విస్తరిస్తాయి. గట్టి పునాదిని అవి పగలగొట్టడం అరుదు. ఉన్న పగుళ్లలోకి, కారుతున్న పైపుల్లోకి మాత్రం దూరతాయి. గోడ సందులో మొలిచిన రావి, మర్రి మొక్కలను చిన్నప్పుడే తీయకపోతే గోడ నిలవదు.

నేల రకాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. ఎర్ర చల్కా నేలలో ఇబ్బంది తక్కువ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. దానిపై పెద్ద చెట్టు ఎండాకాలంలో నీరు తోడేస్తుంటే ఇంటికి ఒక పక్క నేల ఎక్కువగా కుంగవచ్చు. తలుపులు, కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పాకిన పగుళ్లు దీనికి ఆనవాలు. కొత్తగా వేసిన రంగు వాటిని దాచేస్తుంది. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇంటిని చూపించడం మంచిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు నగరంలో లెక్కలేనన్ని చెట్లు కూలాయి. పెనుగాలికి ఏ చెట్టయినా కూలవచ్చు. కానీ కాండంలో తొర్ర, మొదట్లో పుట్టగొడుగులు, ఒక పక్కకే కోసేసిన కొమ్మలు, సిమెంటు బిగించేసి వేళ్లకు చోటు లేకుండా చేసిన మొదలు ఉన్న చెట్లకు ముప్పు ఎక్కువ. త్వరగా పెరిగి పెళుసు కొమ్మలు వేసే తురాయి ఇంటి కప్పు మీదికి వాలి ఉంటే జాగ్రత్త పడాలి. అదే చోట నిబ్బరంగా ఉన్న వేపను భయంతో కొట్టేయాల్సిన పని లేదు. నీడకు మరో ఖర్చు కూడా ఉంది. కప్పు మీద సౌర ఫలకాలు పెట్టాలనుకుంటే ఒక్క కొమ్మ నీడ కూడా వరుస మొత్తం ఉత్పత్తిని తగ్గించగలదు.

ఏకాంతంలోని ఇరుగుపొరుగు

మనుషులు తక్కువున్నచోట ఇతర జీవులు ఎక్కువ. భారతదేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది మరణిస్తున్నారని 2020లో వెలువడిన అంచనా చెబుతోంది. వీటిలో అత్యధికం గ్రామాల్లోనివే. అయినా అడవి అంచున ఉన్న ఇంటికి ఈ జాగ్రత్త తప్పదు. పాములు ఎలుకల కోసం వస్తాయి, ఎలుకలు చెత్త కోసం వస్తాయి. రాళ్ల కుప్పలు, కట్టెల మోపులు గోడకు ఆనుకుని లేకుండా చూడటం, రాత్రి టార్చి వాడటం, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో ముందే తెలుసుకోవడం చాలావరకు రక్షిస్తాయి. డెంగీని మోసే ఏడిస్ దోమకు అడవి అక్కరలేదు. కుండీ కింద పళ్లెంలో, చెట్టు తొర్రలో నిలిచిన కాసిని నీళ్లు చాలు.

ఆ చెట్లు ఎవరివి?

భారత అటవీ సర్వే సంస్థ 2021 నివేదిక ప్రకారం హైదరాబాద్‌లో అటవీ విస్తీర్ణం 2011 నాటి 33.15 చదరపు కిలోమీటర్ల నుంచి 81.81కి పెరిగింది. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఒక హెక్టారు, అంతకు మించిన స్థలంలో చెట్ల గొడుగు 10 శాతం దాటితే, యజమాని ఎవరైనా, ఉపగ్రహం దాన్ని అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది. ఇందులో తోటలు, ప్రైవేటు స్థలాలు కూడా వస్తాయి. చట్టం చూసేది వేరు. పక్కనున్న పచ్చదనం రిజర్వు అడవా, పార్కా, లేక ఎవరో కట్టబోయే ప్లాటా అన్నది మాస్టర్ ప్లాన్‌లోని భూ వినియోగ వర్గీకరణలో తెలుస్తుంది. కిటికీలోంచి కనిపించే దృశ్యం మీద కొన్నవారికి ఏ హక్కూ రాదు.

కొంటున్న స్థలమే అటవీ భూమి, ప్రభుత్వ భూమి కాదని తేల్చుకోవడం మరింత ముఖ్యం. ఈసీతో పాటు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద ఉండే నిషేధిత ఆస్తుల జాబితాను సర్వే నంబరుతో సరిచూడాలి. కొత్త ప్రాజెక్టు అయితే రెరా నమోదు చూడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత ఆవరణలోని చెట్టును కొట్టాలన్నా అనుమతి కావాలి. ‘కొన్నాక ఈ చెట్టు తీసేయవచ్చు’ అన్న మధ్యవర్తి మాటను నమ్మి ఇంటి నమూనా గీయించుకోకూడదు.

చివరికి లెక్కంతా ఒక్కో ప్రహరీ లోపల తేలుతుంది. పచ్చదనం కోసం వచ్చిన మొదటి కుటుంబం పార్కింగు కోసం రెండు చెట్లు తీస్తుంది, రెండోది ఆకులు రాలుతున్నాయని ఒకటి, మూడోది అదనపు గది కోసం ఇంకొకటి. పదేళ్లలో వీధి మిగతా నగరంలాగే ఉడికిపోతుంది. అప్పుడు అందరూ చెల్లించిన అదనపు ధర ఆవిరవుతుంది. చెట్టు మొదట్లో సిమెంటు వేయకుండా చదరపు మీటరు మట్టి వదలడం, వాననీటిని ఇంకుడు గుంతకు మళ్లించడం, పోయిన చెట్టు స్థానంలో వేపో కానుగో నాటడం పెద్ద ఖర్చు కాదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ వీధిలోని మిగతా ఇళ్ల ఆవరణల వైపు ఒకసారి చూస్తే చాలు, పదేళ్ల తర్వాత అక్కడ నీడ మిగులుతుందో లేదో తెలిసిపోతుంది.