కొట్టాలా.. వదిలేయాలా? బేస్‌బాల్ బ్యాటర్‌కు దొరికేది పావు సెకనే! కళ్లకు ట్రైనింగ్ ఎలా ఇస్తారంటే..

శ్రీ సత్యసాయి జిల్లా ఆమడగూరు లాంటి మండలంలో పిల్లోడు బ్యాట్ పట్టాడంటే అది క్రికెట్ బ్యాటే అయ్యుంటుంది. కానీ స్కూల్ గేమ్స్‌లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఉన్నాయి. అనంతపురం ఆర్డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో క్రికెట్, హాకీతో పాటు సాఫ్ట్‌బాల్‌కూ చోటుంది. పైగా 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు ఈ రెండు ఆటలూ ఉన్నాయి. క్రికెట్ అలవాటుతో ఇటు వచ్చే పిల్లలకు పెద్ద చిక్కు ఏంటంటే.. ఏ బంతిని వదిలేయాలో తెలియకపోవడం.

స్ట్రైక్ అంటే ఏంటి?

బ్యాటర్ ముందు 17 అంగుళాల వెడల్పున్న హోమ్ ప్లేట్ ఉంటుంది. దాని మీదుగా, మోకాలి కింది నుంచి ఛాతీ మధ్య వరకు గాల్లో ఒక కనిపించని డబ్బా ఊహించుకోండి. బంతి అందులోంచి వెళ్తే స్ట్రైక్. బయట వెళ్తే, బ్యాటర్ బ్యాట్ ఊపకపోతే అది 'బాల్'. 3 స్ట్రైకులైతే ఔట్. 4 బాల్స్ అయితే కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు నడిచి వెళ్లొచ్చు. అంటే వదిలేయడం కూడా స్కోరింగే అన్నమాట! ఆఫ్ స్టంప్ బయట బంతిని వదిలినందుకు క్రికెట్‌లో ఎవరూ పరుగు ఇవ్వరు కదా.

టైమ్ ఎంత?

పిచ్చర్ నిలబడే చోటు నుంచి ప్లేట్‌కు 18.44 మీటర్లు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి చేరడానికి సుమారు 0.4 సెకన్లు. బ్యాట్ ఊపడానికే అందులో 0.15 సెకన్లు పోతాయి. మిగిలిన పావు సెకనులోనే చూడాలి, పోల్చుకోవాలి, నిర్ణయించుకోవాలి.

'బంతి మీద నుంచి చూపు తిప్పొద్దు' అని ప్రతి కోచ్ చెబుతాడు. నిజానికి అది కుదరదు. 1984లో బాహిల్, లారిట్జ్ అనే అమెరికన్ పరిశోధకులు చేసిన కొలతల్లో, నైపుణ్యమున్న ఆటగాడి చూపు కూడా బంతి చివరి 5 అడుగుల్లోకి వచ్చేసరికి వెనకబడిపోయింది. క్రికెట్‌లోనూ ఇంతే. 2000లో లాండ్, మెక్‌లాయిడ్ చేసిన పరిశోధనలో బ్యాటర్లు బంతిని ఆసాంతం వెంబడించలేదని, అది పిచ్ అయ్యే చోటుకు ముందే చూపును దూకించారని తేలింది. బేస్‌బాల్‌లో ఆ టప్పా కూడా ఉండదు. కాబట్టి పిచ్చర్ చేతి నుంచి బంతి వదిలే క్షణం, ఆ తర్వాత కొన్ని అడుగులు.. క్లూలన్నీ అక్కడే.

ట్రైనింగ్ ఎలా?

పిచ్చర్ వీడియో చూపిస్తారు. బంతి చేయి దాటిన వెంటనే స్క్రీన్ నల్లబడుతుంది. అది ఏ రకం బంతి, స్ట్రైకా, బాలా.. ఆటగాడు చెప్పాలి. కుదురుకున్నాక ఆ కాస్త కనిపించే భాగాన్నీ ఇంకా తగ్గిస్తారు. ఫోన్ కెమెరా ఉంటే ఏ పీఈటీ సారైనా ఇలాంటి క్లిప్పులు తయారు చేసుకోవచ్చు.

ఇంకో పద్ధతికి పైసా ఖర్చు లేదు. పిచ్చర్లు ప్రాక్టీస్ చేస్తుంటే బ్యాటర్ హెల్మెట్ పెట్టుకుని ప్లేట్ దగ్గర నిలబడతాడు. బ్యాట్ అస్సలు ఊపడు. బంతి క్యాచర్ గ్లవ్స్‌లో పడేలోపే 'స్ట్రైక్' లేదా 'బాల్' అని గట్టిగా అరుస్తాడు. కరెక్టా, కాదా అన్నది క్యాచర్ వెంటనే చెప్పేస్తాడు. బంతుల మీద వేర్వేరు రంగులు పూసి, వచ్చే బంతి రంగేంటో చెప్పించడం కూడా ఉంది. కాకపోతే రంగు గుర్తుపట్టడం వేరు, స్ట్రైక్ జోన్ తెలియడం వేరు. అరిచి చెప్పే పద్ధతే అసలు మ్యాచ్‌కు దగ్గరగా ఉంటుంది.

యాప్‌లతో జాగ్రత్త!

2014లో కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ పరిశోధకులు తమ బేస్‌బాల్ జట్టులో 19 మందికి కంటిచూపు యాప్‌తో శిక్షణ ఇచ్చారు. చూపు మెరుగైందని, స్ట్రైకౌట్లు తగ్గాయని ప్రకటించారు. వార్త వైరల్ అయింది. ఏడాది తిరిగేసరికి సీన్ రివర్స్.. 'సైన్స్ నిరూపించింది' అన్న ప్రచారానికి తగిన ఆధారాల్లేవంటూ ఆ యాప్ కంపెనీపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్యలు తీసుకుంది. లక్షన్నర డాలర్లు కట్టి కంపెనీ రాజీ చేసుకుంది. పరిశోధకుల్లో ఒకరికి ఆ కంపెనీతో సంబంధం కూడా ఉండేది.

యాప్‌కు డబ్బులు పెట్టే ముందు పిల్లలకు మామూలు కంటి పరీక్ష చేయించడం మేలు. బోర్డు మీద అక్షరాలు మసగ్గా కనిపిస్తున్నా చాలామంది పిల్లలు ఇంట్లో చెప్పరు. అలాంటి పిల్లోడు వరుసగా స్ట్రైకౌట్ అవుతుంటే లోపం బ్యాటింగ్‌లో కాదు, లేని కళ్లద్దాల్లో ఉండొచ్చు.