బొమ్మకు బొమ్మ

తెలుగున బొమ్మ యను మాట యొకటే గాని, దానికి అర్థములు రెండు. పిల్ల లాడుకొను ప్రతిమయు బొమ్మయే, గోడకు వ్రేలాడు పటమును బొమ్మయే. ఈ రెండింటిని జతపరచి బొమ్మకు బొమ్మ తీయు వేడుక యొకటి నేడు పెక్కు దేశముల స్త్రీలలో గానవచ్చుచున్నది. చిన్ననాటి బొమ్మను ఆరుబయటికి గొనిపోయి, తా మొకప్పు డాడిన యాటలనే యది యాడుచున్నట్లు అమర్చి, ఛాయాచిత్రములు తీయుదురు. వినుట కిది పొద్దుపోని పనివలె దోచును. మా యింటి పెద్దలును మొదట నట్లే యనిరి.

సోదరీమణులారా! మీ బాల్యమునకు పటము లెన్ని గలవో యొక్కసారి లెక్కించి చూడుడు. నావలె ముప్పది యేండ్లు దాటినవారి చిన్నతనమున ఇంటింట కెమెరా లేదు. ముప్పదియారు పటములు పట్టు ఫిలిము చుట్టను ఏ పెండ్లికో, ఒడుగుకో కొనెడివారు. అందు పెద్దల వంతు పోగా పిల్లలకు మిగులునది ఒకటి రెండు. ఆడుపిల్లలకైనచో పూలజడ వేసి, స్టూడియోలో అద్దమున కెదుట నిలిపి, కదలవద్దని గద్దించి తీసినది మరియొకటి. చెమ్మచెక్క లాడుచు, గచ్చకాయ లెగురవైచుచు, మోకాళ్లకు మట్టితో నున్న పటము మనలో నెందరికి గలదు? మా తల్లుల తరమువారికి ఆ స్టూడియో పటమును అరుదే. ఆ లోటును బొమ్మ కొంత తీర్చగలదు. మన స్థానమున నది కూర్చుండును.

బొమ్మల ముచ్చటను మన పూర్వులు చిన్నచూపు చూడలేదు. విరాటపర్వమున గోగ్రహణమునకు బోవు బృహన్నలను ఉత్తర కోరినదేమి? కౌరవవీరుల వన్నె వస్త్రములు తన బొమ్మలకై తెమ్మనినది. భీష్మద్రోణులతో పోరి గెలిచిన యర్జునుడు ఆ పసిదాని మాటను మరువడయ్యె.

బొమ్మకు పటములు తీయుటలో పేరొందినది డేర్ రైట్ అను నామె. 1914లో కెనడాలో పుట్టి అమెరికాలో పెరిగెను. తలిదండ్రులు విడిపోగా అన్న తండ్రియొద్దను, ఈమె తల్లియొద్దను పెరిగిరి. యౌవనమున గాని వారిరువురు మరల కలిసికొనలేదు. పెద్దదైన పిదప తన చిన్ననాటి బొమ్మను వెలికిదీసి, దానికి తోడుగా రెండు ఎలుగుబంటి బొమ్మలను జేర్చి, నలుపు తెలుపు పటములతో ఒక కథ కూర్చెను. 1957లో వెలువడిన యా పుస్తకము పేరు ‘ద లోన్లీ డాల్’, అనగా ఒంటరి బొమ్మ. అందు పెద్ద ఎలుగుబంటి బొమ్మపిల్లను దండించు పటము గలదు. నేటి చదువరులలో దానిని మెచ్చనివా రున్నారు. నాకును అది రుచింపలేదు గాని, బాల్యమన్న నంతయు తేనెయే యని ఆమె బొంకలేదని మాత్రము మెచ్చుకొంటిని.

ఇక నా బొమ్మ సంగతి. మా అమ్మమ్మ పాత పంచె గుడ్డతో కుట్టి, బూరుగుదూది కూరి, నల్లదారముతో కన్నులు దిద్దిన జానెడు బొమ్మ. పేరు చిట్టి. అది నాయొక్కదానిది గాదు. మా పినతల్లి కూతురును నేనును వారమునకొకరము చొప్పున దానిని పంచుకొంటిమి. ఆమె యిరువదియవ యేట జ్వరమున బోయినది. వారింట దండ వేసిన పటము, పరీక్షకై తీయించిన చిన్న పటమును పెద్దది చేయించినది. ఎంతటి అల్లరిపిల్లయో యెరిగినవారికి ఆ బిగిసిన మొగమును చూచుట కష్టము. ఇంట నెవ్వరును ఆమె పేరెత్తరు.

గతవేసవిని పుట్టినింటి కేగినప్పుడు చిట్టితో నేడు పటములు తీసితిని. కొబ్బరిచిప్పలో గుజ్జనగూళ్లు వండుట, అందు ఇటుకపొడి కూర. దాగుడుమూతలలో గడ్డివాము వెనుకనుండి కాలొకటి బయటపడుట. వేపకొమ్మ యుయ్యాల పీటపై ఒక ప్రక్కకు జరిగి, రెండవవారికి చోటుంచి కూర్చుండుట. డాబామీద ఎండబెట్టిన మాగాయముక్కల చాపయొద్ద, రెండు చేతులతో నొక ముక్కను గౌగిలించుకొని పారిపోవుట మొదలగునవి. మావారు వానిని పట్టణమున అచ్చు వేయించి తెచ్చిరి.

పిన్ని వచ్చి యొక్కొక్కటే చూచినది. ఉయ్యాల పటమును చూచి మాటాడక క్రింద బెట్టినది. మాగాయ పటము చేతికి రాగానే నవ్వినది. “ఆ రోజు పిట్టగోడ దిగేటప్పుడు దాని పరికిణీ చిరిగిందే. మీ బాబాయికి తెలియకుండా రాత్రికి రాత్రే కుట్టాను” అనినది. ఆ సంగతి నే నదివర కెరుగను. అటుపిమ్మట ప్రొద్దుగ్రుంకువరకు దానిని గూర్చియే చెప్పినది, పేరుపెట్టి చెప్పినది. ఆ పటమునకు మరియొక ప్రతి కావలెననినది, ఉయ్యాలది వలదనినది.

చేయగోరువారికి నా యనుభవములోని మాటలు కొన్ని. గుడ్డబొమ్మ యన్నిట మేలు; చెప్పినట్లు వంగును. నిలువకున్న వీపున నొక చీపురుపుల్ల గుచ్చిన చాలును. కొండపల్లి బొమ్మ తేలికయైన పొణికికర్రతో చేసినది. చింతగింజల పిండితో రంపపుపొట్టు గలిపి యతికిన యవయవములు కదలవు, తడియు తగులరాదు. ఏటికొప్పాక బొమ్మకు లక్కపూత యుండును గాన తీక్ష్ణమైన యెండలో నుంచరాదు. వీనిని కదలింప బనిలేదు; చుట్టునున్న వస్తువులచేతనే యాట తోపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది కెమెరాను బొమ్మకంటి యెత్తునకు దించుట. నిలుచుండి తీసినచో బొమ్మ నేలపై పారవేసిన వస్తువువలె నుండును. చాప పరచుకొని బోరగిల పడుకొని తీసినచో తుమ్మిమొక్క చెట్టగును, గట్టు కొండ యగును. ఇరుగుపొరుగువారు నవ్వుదురు, నవ్వనిండు. ప్రొద్దుపొడిచిన గంటలోపల గాని, సాయంకాలము గాని తీయుడు. మధ్యాహ్నపు టెండలో కన్నులక్రింద నల్లని నీడలు పడును. బొమ్మకు క్రొత్త పట్టుబట్టలు, తళుకుబిళ్లలు తొడుగుట నాకు నచ్చదు. మన మాడుకొన్నప్పు డెవరు పట్టు కట్టిరి? ప్రతి పటము వెనుకను ఆట పేరు, చోటు, ఆడినవారి పేర్లు పెన్సిలుతో వ్రాయుడు.

వచ్చు సంక్రాంతి బొమ్మల కొలువులో చిట్టిని క్రిందిమెట్టుపై, దాని పటములనడుమ కూర్చుండబెట్టదలచితిని. నైవేద్యమునకు మాగాయ తెత్తునని పిన్ని కబురంపినది.