చిన్న పొట్లానికి అంత పట్టు ఎక్కడిది?

డ్రగ్స్ అనగానే సినిమాల్లో చూపించే తెల్లపొడి, సూదులు గుర్తొస్తాయి. అందుకే చాలామంది తల్లిదండ్రులు "మన ధర్మపురిలో అవన్నీ ఎక్కడండీ!" అని ధీమాగా ఉంటారు. ఒక లెక్క చూడండి. ఒక మత్తుపదార్థాన్ని ఒక్కసారైనా వాడి చూసినవాళ్లలో ఎంతమంది దానికి బానిసలయ్యారో అమెరికాలో ఒక పెద్ద సర్వే ఆధారంగా లెక్కగట్టి 1994లో ప్రచురించారు. గంజాయికి నూటికి 9 మంది, మద్యానికి 15, కొకైన్‌కు 17, హెరాయిన్‌కు 23. పొగాకుకు 32!

అంటే హెరాయిన్ కంటే పొగాకు ప్రమాదమని కాదు. హెరాయిన్ మోతాదు మించితే ఊపిరి ఆగి అప్పటికప్పుడే ప్రాణం పోవచ్చు. ప్రాణం తీయడం వేరు, పట్టుకుని వదలకపోవడం వేరు. ఇక్కడ చెప్పేది ఆ రెండోదాని గురించి.

ఆకలి మీద అన్నం తిన్నా, ఆటలో గెలిచినా మన మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. "ఇది బాగుంది, మళ్లీ చెయ్యి" అని మెదడు నేర్చుకునేది దానివల్లే. మత్తుపదార్థాలు కూడా ఈ దారినే వాడుకుంటాయి. అయితే అది మెదడుకు ఎంత వేగంగా చేరితే, పట్టు అంత గట్టిగా ఉంటుంది. దక్షిణ అమెరికా కొండల్లో జనం వేల ఏళ్లుగా కోకా ఆకు నములుతున్నారు. అందులోని కొకైన్ ఒంట్లోకి మెల్లగా దిగుతుంది. అదే కొకైన్‌ను విడదీసి పొగగా పీలిస్తే క్షణాల్లో మెదడుకు ఎక్కుతుంది, మనిషి త్వరగా బానిస అవుతాడు. పదార్థం ఒకటే, వెళ్లే దారే వేరు.

బీడీ, సిగరెట్ పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఒక సిగరెట్‌కు పది దమ్ములనుకుంటే, రోజుకు పది సిగరెట్లు కాల్చేవాడి మెదడుకు అదే పాఠం నూరుసార్లు అందుతుంది. ఎక్కాలు కూడా మనం అన్నిసార్లు వల్లెవేయం! పైగా సుమారు రెండు గంటల్లో రక్తంలోని నికోటిన్ సగమైపోతుంది. అప్పుడు చిరాకు, పరధ్యానం మొదలవుతాయి. "తాగితే టెన్షన్ తగ్గుతుంది సార్" అంటారు కదా, ఆ టెన్షన్‌లో చాలాభాగం ముందు తాగిన సిగరెట్ తెచ్చిపెట్టిందే.

మరి దవడలో, పెదవి కింద పెట్టుకునేది మెల్లగానే ఎక్కాలి కదా? ఇక్కడే సున్నం సంగతి చెప్పాలి. పొగాకు నమిలే అవ్వలు తమలపాకుకు సున్నం ఎందుకు రాస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? సున్నం తగిలితే నికోటిన్ నోటి లోపలి పొర గుండా సులువుగా రక్తంలోకి దూరుతుంది. ఖైనీలో సున్నం కలిపేదీ ఇందుకే. కూల్ లిప్ లాంటి చిన్న సంచులైతే పెదవి కింద దాక్కుంటాయి. పొగ ఉండదు, పుదీనా వాసన వస్తుంది, క్లాసులో పక్కవాడికి కూడా తెలియదు. ఇది బడి పిల్లల్లో పాకుతోందని మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2024లో ఆందోళన వెలిబుచ్చింది. తమిళనాడులో గుట్కా, పాన్ మసాలాల మీద 2013 నుంచే నిషేధం ఉంది.

చేతికి ఎంత సులువుగా దొరుకుతుందన్నదీ ముఖ్యమే. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికా సైనికుల్ని ఇంటికొచ్చాక లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు నూటికి 5 మందే. ఆ చోటు మారింది, ఆ తోడు మారింది. మన పిల్లలకు మాత్రం ఆ పొట్లం దొరికే చోటు రోజూ నడిచే దారిలోనే ఉండొచ్చు. అసలే పాతికేళ్లదాకా ఎదుగుతూనే ఉండే మెదడు, చిన్న వయసులో నేర్చింది అంత తేలిగ్గా మరచిపోదు.

బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వారికి ఎక్కడా అమ్మకూడదు. పిల్లలకు ఇచ్చినవారికి బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

పెదవి లోపల తెల్లమచ్చ, కారం తగిలితే నోరు మండటం, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనిపిస్తే పిల్లవాణ్ణి డాక్టరుకు చూపించండి. కొట్టకండి, కొడితే దాచడం నేర్చుకుంటాడు. మానేసిన మొదటి మూడు నాలుగు రోజులు చాలా కష్టం: కోపం, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం. తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆ రోజుల్లో పరీక్షలుంటే క్లాసు టీచరుతో ముందే మాట్లాడండి. పొగాకు మానడానికి ఉచిత సలహా నంబరు 1800-11-2356, ఇతర మత్తులకు 14446. పిల్లలూ, ఈ నంబర్లకు మీరే ఫోన్ చేయొచ్చు.