టర్బో వెనక ఇరుకు సందు

1994 మధ్యలో ఫోర్డ్ తన పెద్ద పికప్ ట్రక్కులకు కొత్త డీజిల్ ఇంజిన్ బిగించింది. పేరు పవర్ స్ట్రోక్. ఎనిమిది సిలిండర్లు, 7.3 లీటర్లు, మొదట్లో 210 హార్స్‌పవర్. తయారుచేసింది మాత్రం ఫోర్డ్ కాదు, లారీ ఇంజిన్లలో చెయ్యి తిరిగిన నావిస్టార్. అది ఎంత గట్టి ఇంజిన్ అంటే, అమెరికా పల్లెల్లో పశువుల ట్రెయిలర్లూ గడ్డిమోపులూ లాగుతూ ఆ బళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి యజమానులు ముందుగా మార్చే భాగాల్లో ఒకటి బానెట్ ఎత్తి చూసినా సరిగా కనిపించదు. పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి కిందికి దిగే పొగగొట్టం అది. మెకానిక్కుల మాటలో డౌన్‌పైప్.

దాన్ని ఎందుకు మారుస్తారో తెలియాలంటే బండి క్యాబిన్ వయసు తెలియాలి. 1997 దాకా వచ్చిన ఆ పికప్‌ల క్యాబిన్‌కు మూలం 1980 నాటి నమూనా. అప్పటికి ఆ బండికి డీజిల్ ఇంజినే లేదు, ఇక టర్బో మాట ఎక్కడిది? పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన పవర్ స్ట్రోక్‌లో టర్బో రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, బాగా వెనక్కి కూర్చుంది. దాని వెనకే ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌ను క్యాబిన్ నుంచి వేరు చేసే రేకు గోడ. టర్బోలోంచి వచ్చే పొగ ఆ గోడకూ ఇంజిన్ వెనక భాగానికీ మధ్యనున్న సందులోంచి కిందికి దిగాలి. ఆ సందు ఇరుకు. గొట్టం పట్టడం కోసం ఫ్యాక్టరీలోనే దాన్ని అక్కడక్కడ నొక్కి చదును చేశారు. గుండ్రటి గొట్టాన్ని నొక్కితే చుట్టుకొలత మారదు గానీ లోపలి జాగా తగ్గిపోతుంది. పొగ అన్నిటికన్నా వేడిగా, ఉబ్బి ఉండే చోట దారి అన్నిటికన్నా సన్నగా తయారైంది.

ఎంత పొగ? నిమిషానికి 2800 చుట్లు తిరిగే 7.3 లీటర్ల ఇంజిన్, టర్బో సాయం లేకపోయినా నిమిషానికి దాదాపు పది వేల లీటర్ల గాలి పీలుస్తుంది. టర్బో తోస్తే ఇంకా ఎక్కువ. బయటికి వచ్చేటప్పుడు అదే గాలి వేడికి రెండింతలకు పైగా ఉబ్బి ఉంటుంది. అదంతా దిగాల్సింది ఆ నొక్కుల గొట్టంలోంచే.

గొట్టాల లెక్కలో ఒక తిరకాసు ఉంది. రెండున్నర అంగుళాల గొట్టం తీసి మూడు అంగుళాలది పెడితే పెరిగింది అర అంగుళమే అనిపిస్తుంది. కానీ జాగా వ్యాసాన్ని బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అర అంగుళంతో దారి 44 శాతం వెడల్పవుతుంది. పొగ పడే రాపిడి అంతకన్నా వేగంగా తగ్గుతుంది.

ఇక్కడే పాత నమ్మకం ఒకటి అడ్డొస్తుంది. ఇంజిన్‌కు కాస్త వెనక ఒత్తిడి ఉండాలని, లేకపోతే లాగుడు పోతుందని చాలామంది మెకానిక్కులు చెబుతారు. పెట్రోలు ఇంజిన్లలో, అదీ టర్బో లేనివాటిలో, గొట్టం పొడవూ సైజూ మారితే లాగుడు మారే మాట నిజమే. టర్బో డీజిల్ సంగతి వేరు. టర్బో చక్రాన్ని తిప్పేది దాని ముందున్న ఒత్తిడికీ వెనకున్న ఒత్తిడికీ మధ్య తేడా. వెనక ఒత్తిడి ఎంత తగ్గితే చక్రం అంత త్వరగా ఊపందుకుంటుంది. సినిమా వదిలాక హాలు తలుపులన్నీ తెరిచి, వీధి గేటు మాత్రం ఒక రెక్కే తెరిస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. అందుకే బయటికి కనిపించే తోకగొట్టాన్ని ఐదు అంగుళాలది చేసి, కొసన తళతళలాడే స్టీలు తొడుగు బిగించి, లోపల నొక్కుల డౌన్‌పైప్‌ను అలాగే వదిలేసిన బండిని చూస్తే నవ్వొస్తుంది. ఖర్చు అయింది, ఇరుకు ఇరుకుగానే ఉంది.

డౌన్‌పైప్ మార్చడంతో మొదట కలిగే లాభం వేగం కాదు, వేడి తగ్గడం. 1994 నుంచి 1997 దాకా వచ్చిన పవర్ స్ట్రోక్ బళ్లకు ఇంటర్‌కూలర్ లేదు. టర్బో నొక్కిన గాలి వేడెక్కి, అలాగే సిలిండర్లలోకి పోయేది. 1999 మోడల్‌గా ఫోర్డ్ కొత్త పికప్ సూపర్ డ్యూటీ వచ్చాకే ఆ లోటు తీరింది. పాత బండికి బరువైన ట్రెయిలర్ తగిలించి కొలరాడో కొండలెక్కిస్తే కష్టం తెలుస్తుంది. అక్కడ ఐ-70 రహదారి ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర సుమారు 3,400 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. గాలి పలచన, పీల్చేది తక్కువ, తొక్కిన యాక్సిలరేటర్‌కు డీజిల్ మాత్రం పోస్తూనే ఉంటుంది. పొగ వేడి ఎగబాకుతుంది.

ఆ వేడిని కొలిచే మీటరు పైరోమీటర్. దాని మొన టర్బోకు ముందు, సిలిండర్ల పొగను పోగేసే మానిఫోల్డ్‌లో ఉంటుంది. బరువులు లాగేవాళ్లు సాధారణంగా 1250 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే దాదాపు 675 సెల్సియస్‌ను, ఎక్కువసేపు దాటకూడని గీతగా పెట్టుకుంటారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 సెల్సియస్‌కే కరుగుతుంది, పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంవే. పొగ ఆ వేడికి చేరగానే పిస్టన్ కరిగిపోదు. ఇంజిన్ ఆయిలూ కూలెంటూ దాన్ని చల్లబరుస్తూనే ఉంటాయి. కానీ ఘాట్ రోడ్డు పొడుగునా అదే వేడి నిలిస్తే ఆ రక్షణ చాలదు. పొగ సులువుగా పోతే టర్బో త్వరగా గాలి అందిస్తుంది, ఉన్న డీజిల్‌కు ఎక్కువ గాలి దొరికి వేడి కొంత దిగుతుంది. డౌన్‌పైప్ మార్పులో అసలు సరుకు ఇదే.

హార్స్‌పవర్ మాటకొస్తే అమ్మేవాళ్లు చెప్పే అంకెలన్నీ నమ్మనక్కర్లేదు. ఇంజిన్‌లోకి పోసే డీజిల్ పెరగనప్పుడు గొట్టం ఒక్కటే శక్తిని పెద్దగా పెంచదు. ఇంజిన్ కంప్యూటర్‌కు చిప్ పెట్టి ఎక్కువ డీజిల్ పోయించిన బండికి పెద్ద డౌన్‌పైప్ దాదాపు తప్పనిసరి. ఏ మార్పూ లేని బండికి అది కాస్త ఊపిరి మాత్రమే.

పని మాత్రం ఓర్పును పరీక్షిస్తుంది. టర్బో వెనక పాత గొట్టాన్ని పట్టి ఉంచే వీ-బ్యాండ్ క్లాంపు ఏళ్ల తరబడి వేడికి తుప్పుపట్టి ఉంటుంది. ముందు రోజే తుప్పు వదిలించే నూనె పోసి నాననివ్వాలి, లేదంటే బోల్టు విరగడం ఖాయం. పాతది ఒక్క ముక్కగా సందులోంచి రాకపోతే కోసి తియ్యాలి. తర్వాత కొత్త మూడు అంగుళాల గొట్టం దూరదు. ఫైర్‌వాల్ అడుగున బయటికి పొడుచుకొచ్చిన రేకు అతుకును సుత్తితో కొట్టి మడవాల్సి వస్తుంది. తాము కొన్న బండిని తామే సుత్తితో కొట్టుకోవడం యజమానులకు మనసొప్పదు గానీ వేరే దారి తక్కువ. అలా మడిచినా జాగా అంతంతమాత్రమే. బరువు లాగేటప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఒరుగుతుంది, గొట్టం రేకుకు తగిలి గలగలమంటుంది. మంచి గొట్టాల్లో అందుకే మధ్యలో వంగే బెలోస్ ముక్క ఉంటుంది. సందు దాటి బండి కిందికి వచ్చాక చోటుకు కొదవ లేదు కాబట్టి అక్కడి నుంచి నాలుగు అంగుళాల గొట్టం వేస్తారు.

టర్బో బయటి మూతి దగ్గర ఇంకో విచిత్రం ఉంది. ఫోర్డ్ అక్కడ ఒక రెక్క కావాలనే పెట్టింది. చలిలో ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు అది పొగదారిని కాస్త మూసి, ఇంజిన్ త్వరగా వేడెక్కేలా, క్యాబిన్‌లో హీటర్ త్వరగా పనిచేసేలా చేస్తుంది. దాన్ని కదిలించేది ఇంజిన్ ఆయిల్ ఒత్తిడే. వయసు మీద పడ్డాక అక్కడి సీలు కారడం మామూలు. డౌన్‌పైప్ మార్చేటప్పుడు చాలామంది ఆ రెక్కను కూడా తీసేస్తారు. మంచు పడే చోట ఉండేవాళ్లు ఆ తొందర పడకపోవడమే మేలు.

కొత్త గొట్టం కొనడానికి ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. మానిఫోల్డ్‌ల నుంచి టర్బోకు ఎక్కే గొట్టాల అతుకులు ఈ ఇంజిన్లలో కారుతుంటాయి. ఫైర్‌వాల్ మీద మసి మరకలు కనిపిస్తే అనుమానించాల్సింది వాటినే. టర్బోకు ముందే పొగ తప్పించుకుపోతుంటే వెనక ఎంత పెద్ద గొట్టం పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో నిండి ఉన్నా అంతే.

అమెరికా చట్టం ఈ విషయంలో కఠినంగా ఉంది. పొగను శుద్ధిచేసే పరికరాలను తీసేయడం క్లీన్ ఎయిర్ యాక్ట్ కింద నిషిద్ధం. పదేళ్ల కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో అలాంటి పరికరాలు తీసేశారని పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. పాత 7.3 బళ్లలో డీజిల్ మసిని పట్టే ఫిల్టర్ లేనే లేదు, కొన్నిటికి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది. ఉన్నచోట దాన్ని అలాగే ఉంచి గొట్టం మార్చాలి. 2007 తర్వాతి బళ్ల పొగదారిలో ఫిల్టర్ కూడా భాగం. వాటి లెక్క పూర్తిగా వేరు.

అమెరికా పికప్‌ల డీజిల్ ఇంజిన్ ఒకటి మన దేశంలోనూ తిరిగింది. డాడ్జ్ పికప్‌లకు పేరు తెచ్చిన కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌నే టాటా లారీల కోసం జంషెడ్‌పూర్‌లోని టాటా కమిన్స్ తయారుచేసింది. సిలిండర్లన్నీ ఒకే వరసలో ఉండి టర్బో పక్కన వేలాడుతుంది కాబట్టి గొట్టం దిగడానికి చోటు దండిగా ఉంటుంది. ఫోర్డ్‌కున్న ఇరుకు దానికి లేదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ లారీల పొగదారిలో శుద్ధిచేసే పరికరాలే వరసగా ఉంటాయి. ఆ గొట్టం జోలికి పోవద్దు.

పాత ఫోర్డ్ ఉన్నవాళ్లు మాత్రం ముందు పైరోమీటర్ పెట్టించుకుని, బరువుతో ఒక పెద్ద ఎత్తు ఎక్కించి చూడాలి. ముల్లు గీత దాటకపోతే పాత గొట్టమే చాలు.