అమ్మకు గూళ్ల దండ



ఈసారి మార్కెట్టు రేట్లు, మందుల సంగతి కాస్త పక్కన పెడుతున్నాం. ఇంట్లో షష్టిపూర్తి పెట్టుకున్నాం, అమ్మ మెడలో మన గూళ్లతోనే కట్టిన దండ వేయాలని ఉంది, ఎట్లా చేయాలి అని మనవాళ్లు కొందరు అడుగుతున్నారు. మంచి ఆలోచనే. రైతుల సభల్లో వేదిక మీదికొచ్చిన పెద్దలకు గూళ్ల హారం వేయడం మనం చూస్తూనే ఉంటాం. రాత్రి చివరి మేత వేసి పడుకుని, తెల్లారకముందే మళ్లీ ఆకుకు పోయే అమ్మ మెడలో మాత్రం అది పడదు.

అయితే ఒక్క మాట ముందే చెప్పాలి. గూడు పువ్వు కాదు, లోపల ప్రాణం ఉన్న వస్తువు. ప్యూపా తీయకుండా గుచ్చిన దండలోంచి వారం పది రోజుల్లో చిలుకలు బయటికొస్తాయి, గూళ్ల మీద మరకలు పడతాయి. ప్యూపా లోపలే చచ్చి ఎండితే ఇంకో తంటా. ఆ వాసనకు గూళ్లను తినే నల్ల పెంకుపురుగులు చేరతాయి. దండలో మొదలైనవి గూళ్లు నిలవ పెట్టే గదికీ, అక్కడినుంచి పురుగుల ఇంటికీ పాకుతాయి. అమ్మకు ఇచ్చిన కానుక అమ్మ పెంచే లాటుకే ఎసరు పెట్టకూడదు కదా. అందుకే పువ్వులు కట్టడం కంటే గూళ్లను ఎంచడం, శుభ్రం చేయడం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాం.

దండకు మొదటి రకం గూళ్లే కావాలని లేదు. మార్కెట్టుకు పోయేముందు మనం ఏరి పక్కన పడేసే వాటిలోనే చాలా పనికొస్తాయి. రెండు పురుగులు కలిసి కట్టిన జోడు గూడు రీలర్‌కు తలనొప్పి, రెండు పోగులు చిక్కుపడి సరిగ్గా తెగవు. దండకు మాత్రం అదే మేలు. పెద్దగా, మందంగా ఉంటుంది కాబట్టి కింద పతకంలా వేలాడే పెద్ద పువ్వుకు సరిగ్గా సరిపోతుంది. ఊజి పురుగు తొలిచి బయటికొచ్చిన గూటికి సన్నటి చిల్లు ఉంటుంది, సూది దూర్చడానికి ఆ చిల్లే చాలు. ఆకారం కుదరని గూళ్లు కూడా పనికొస్తాయి, ఎట్లాగూ కోసేవే కదా. లోపలినుంచి మరక పైకి తేలిన గూళ్లను మాత్రం ముట్టుకోకండి. లోపల పురుగు పాలరోగంతోనో ఇంకో రోగంతోనో కుళ్లిపోయి ఉంటుంది. వాటిని కాల్చేయడమే మంచిది.

గుడ్ల కేంద్రాల్లో చిలుకలు బయటికొచ్చాక మిగిలే చిల్లు గూళ్లు, ఆడ మగ ప్యూపాలను వేరు చేయడానికి కోసిన గూళ్లు కూడా దొరుకుతాయి. ప్యూపాను మన చేత్తో చంపడం అమ్మకు ఇష్టం లేకపోతే చిల్లు గూళ్లు తెచ్చుకోవచ్చు. కానీ జాగ్రత్త. అక్కడ తల్లి చిలుకలను గుడ్లు పెట్టాక నలిపి, మైక్రోస్కోపు కింద పెబ్రిన్ ఉందా అని చూసేది ఊరికే కాదు. ఆ రోగం తల్లినుంచి గుడ్డుకు పోతుంది. చిలుక రెట్ట, రెక్కల పొడి ఆ గూళ్లకు అంటుకుని ఉంటాయి. కాబట్టి బయటినుంచి తెచ్చిన సంచిని పురుగుల ఇంటి గడప దాటనివ్వకండి. పని చేసిన చోట 2 శాతం బ్లీచింగ్ పౌడరు, 0.3 శాతం సున్నం కలిపిన నీళ్లు చల్లి, చేతులు కడుక్కునే లోపలికి పోండి. శుభ్రమవుతాయి కదా అని గూళ్లను ఆ నీళ్లలో ముంచొద్దు, బ్లీచింగ్ పట్టును తినేస్తుంది.

మీ ఇంటి గూళ్లే అయితే, విడిపించిన రోజో మరునాడో కోసేయండి. అంతకంటే ముందు తొందరపడి కోస్తే లోపల ప్యూపా ఇంకా లేతగా, పసుపుగా ఉంటుంది. అది చితికితే ఆ మరక ఇంక పోదు. చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, అప్పుడే కోతకొచ్చినట్టు. ముందు పైనున్న పీచును వేలితో తిప్పుతూ తీసేయండి, పారేయకండి. తర్వాత గూటిని నిలువుగా పట్టుకుని మెల్లగా తడితే ప్యూపా అడుగుకు జారుతుంది. అప్పుడు కొత్త బ్లేడుతో పై కొన కోయాలి. ప్యూపా, దాంతోపాటు నల్లగా ముడుచుకున్న చివరి పొర, రెండూ కిందికి రాలిపోవాలి. ఆ పొర చిన్నదే అయినా వాసన పెట్టేది అదే, వదలొద్దు. ప్యూపాలు కోళ్లకు వేస్తే కోళ్లకు పండగే. ఖాళీ గూళ్లను రెండు మూడు గంటలు ఎండలో ఉంచితే చాలు. రోజంతా పెడితే తెలుపు చెడుతుంది.

ఇక పువ్వు. కోసిన గూడు చిన్న గిన్నెలా ఉంటుంది. సన్న మొన కత్తెరతో అంచునుంచి అడుగు దాకా ఐదారు గాట్లు పెట్టి, అడుగున కొంచెం వదిలేయాలి. రేకులను వట్టి చేత్తో విప్పబోతే విరుగుతాయి. ఇడ్లీ పాత్ర ఆవిరి మీద ఒక్క నిమిషం పట్టుకుంటే గూటిలోని జిగురు మెత్తబడుతుంది. అప్పుడు వేలితో రేకులు వెనక్కి వంచి నీడలో ఆరబెడితే అదే జిగురు మళ్లీ గట్టిపడి ఆ ఆకారం నిలబడుతుంది. జిగురే మన పువ్వుకు ప్రాణం. సబ్బు నీళ్లలోనో సోడా నీళ్లలోనో ఉడకబెట్టారో, అది కాస్తా పోయి గూడు దూదిలా అయిపోతుంది. దాచిన పీచును ఉండలా చుట్టి నడుమ అంటిస్తే పువ్వుకు మొగ్గ కూడా కుదురుతుంది.

రంగుల గురించి మా అభిప్రాయం వేరు. బజారు రంగులు వేసిన దండ ఫొటోలో బాగుంటుంది. అమ్మ మెడలో చెమట తగిలితే ఆ రంగు పట్టుచీరకు దిగుతుంది. పసుపు నీళ్ల రంగు ఎండకు వెలిసిపోతుంది. మనకు రంగులు కొనే పనే లేదు. హోసూరు, ధర్మపురి వైపు ఎక్కువగా పెంచే బైవోల్టీన్ గూడు తెల్లన. కోలారు, శిడ్లఘట్ట వైపు పెంచే మైసూరు సంకరం గూడు లేత పసుపు. తెలుపు మల్లెలా, పసుపు చామంతిలా, రెండూ కలిపి గుచ్చితే పెళ్లి దండలానే ఉంటుంది. ఒక రకం మీ దగ్గర లేకపోతే తెలిసినవాళ్ల లాటులోంచి ఓ గుప్పెడు అడిగితే ఎవరూ కాదనరు. పసుపు గూటి రంగు ఉండేది కూడా ఆ జిగురులోనే కాబట్టి నీళ్లకు దూరంగా ఉంచండి.

ఒడిశాలోనూ, గడ్చిరోలి వైపూ దసలి పట్టు పెంచే మనవాళ్లకు ఈ కత్తిరింపులు పెద్దగా కుదరవు, ఆ గూడు అంత గట్టిది. వాళ్లకు దేవుడే తొడిమ ఇచ్చాడు. చిలుక వెళ్లిపోయిన గూళ్లను తొడిమతోనే దారానికి ముడివేసి గుత్తులుగా కట్టొచ్చు.

గుచ్చేటప్పుడు చాలామంది ఒక చివరనుంచి మొదలుపెట్టి రెండో చివర దాకా పోతారు. అట్లా చేస్తే మెడలో వేసుకున్నప్పుడు ఒక వైపు పువ్వులు కిందికి, రెండో వైపువి పైకి చూస్తాయి. రెండు సరాలు వేరువేరుగా గుచ్చి, కింద జోడు గూటి పువ్వు దగ్గర కలపాలి. గిన్నె అడుగున దబ్బనంతో చిల్లు పొడిచి, పువ్వుకూ పువ్వుకూ నడుమ ఒక చిన్న పూస వేస్తే ఒకదాంట్లో ఒకటి దూరిపోకుండా నిలబడతాయి. ఒక్కో పువ్వు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు చోటు తీసుకుంటుంది. నడుము దాకా వచ్చే ఐదడుగుల దండకు ఒక్కో వైపు 40 నుంచి 45 పువ్వులు. మెడ వెనక వచ్చే జానెడు చోట గూళ్లు వద్దు, కోసిన అంచులు గీరుకుంటాయి. అక్కడ జరీ రిబ్బనో పాత పట్టుచీర అంచో కుట్టండి. అమ్మ పెళ్లిచీర చిరిగిపోయి దాచి ఉంటే దాని అంచుకంటే ఏముంది!

మొత్తం మీద నూరు గూళ్లు. పచ్చివి తూకం వేస్తే రెండు వందల గ్రాముల లోపే. కిలో ఆరు వందలు పలికిన రోజున కూడా నూట ఇరవై రూపాయల సరుకు. ప్యూపాలు తీశాక నికరంగా మిగిలేది 40 గ్రాముల దాకానే, అందుకే ఎంత పెద్ద దండ అయినా మెడకు బరువు తెలియదు.

దండ అంటే ఫొటోకు వేసేది కదా, బతికున్న అమ్మకు వేయొచ్చా అని కొందరు పెద్దవాళ్లు సందేహిస్తారు. షష్టిపూర్తిలో అమ్మానాన్నలు మళ్లీ దండలు మార్చుకునే ఆచారం మనదే. మెడలో వేయండి, వేడుక అయ్యాక తీసి పెట్టెలో దాచండి. గోడ మీది అమ్మ ఫొటోకు మాత్రం తగిలించొద్దు.

దాచే పెట్టె పొడిగా ఉండాలి. వానాకాలం అయ్యాక ఒకసారి తీసి నీడలో గాలికి ఆరబెట్టాలి. నాఫ్తలీన్ ఉండలు వేస్తే ఆ పెట్టెను పురుగుల ఇంట్లో పెట్టొద్దు, పట్టుపురుగూ పురుగే కదా. కోత, ఆరబెట్టడం ఒక రోజు, పువ్వులు రెండు సాయంత్రాలు, గుచ్చడం ఇంకో సాయంత్రం. వచ్చే నెలలో వేడుక ఉన్నవాళ్లు ఈ లాటు గూళ్లు విడిపించేటప్పుడే నూరు కాదు, నూట ఇరవై పక్కన పెట్టండి. కోతలో, గుచ్చడంలో కొన్ని పోతాయి.