ప్లాస్టిక్ పళ్ళెము – ప్లాస్మా స్పర్శ

చర్లపల్లి నుండి నాచారము మీదుగా హబ్సిగూడ చేరు శ్రోతలు ఉప్పల్ రోడ్డున సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రమును చూచియుందురు. 1977లో నెలకొల్పబడిన ఆ సంస్థ వంటి పరిశోధనాలయములలో జీవకణములను పాలిస్టైరీన్ అను ప్లాస్టిక్ పళ్ళెములలో పెంచుదురు. చూపునకు గాజువలె నున్న ఆ పళ్ళెమునకు ఒక సంస్కారము జరుగనిదే పెక్కు రకముల కణములు దానిని అంటి పెరుగవు. ఆ సంస్కారమును గూర్చి నేడు మనవి చేయుదుము.

తామరాకుపై వలె పాలిస్టైరీన్‌పై నీరు బొట్టుగా నిలుచును. నీటిని ఆకర్షించు అణుసమూహములు దాని యందు లేవు. అమైనో ఆమ్లముల గొలుసులగు పాలిపెప్టైడులు దానికి అంటక పోవు. నీటికి విముఖములైన భాగములతో గట్టిగనే అంటును. కాని ఆ పట్టులో వాని సహజమైన మడత చెదరును. చెదరిన మాంసకృత్తును కణము సరిగా గుర్తింపజాలదు.

ఇచట ప్లాస్మా అక్కరకు వచ్చును. అల్పపీడనమున నున్న వాయువులో విద్యుత్తును ప్రసరింపజేసినచో ఎలక్ట్రానులు విడివడి వాయువు వెలుగును. ఈ స్థితికి 1928లో లాంగ్‌మ్యూర్ ప్లాస్మా యని పేరిడెను. ఎలక్ట్రానులు మిక్కిలి వేడిగ నున్నను వాయువు చల్లగనే యుండును గనుక ప్లాస్టిక్ కరగదు. పైపొరలో, కొలది నానోమీటర్ల లోతున మాత్రమే, బంధములు తెగి ఆమ్లజని సమూహములు చేరును. అంతట నీరు పరచుకొనును. ఆ తలము నీటిలో ఋణావేశము పొందును. ధనావేశము గల పాలిలైసీన్ దానిని సులభముగా పట్టుకొనును. ఫైబ్రోనెక్టిన్ తన రూపమును చాలవరకు నిలుపుకొని అంటుటచే కణమునకు పట్టు దొరకును.

అయిన ఎక్కువ చేసినకొలది మేలనుకొనరాదు. అతిగా చేసిన తలమున గొలుసులు తునిగి వదులు పొర ఏర్పడును. దుమ్ము దులపని గోడకు వేసిన సున్నము దుమ్ముతో రాలునట్లు, అంటిన పాలిపెప్టైడు ఆ పొరతో కడిగివేతలో పోవును. సంస్కరించిన తలము గాలిలో నిలువయున్నకొలది దాని గుణమును కొంత కోల్పోవును.

ఒక ఔషధమును పరీక్షించు వేళ కణములు ఊడిపోయెననుకొందము. దోషము ఔషధమునదా, పళ్ళెమునదా? సంస్కారము చేయని పళ్ళెమును, చేసిన పళ్ళెమును, ఔషధము లేని కణములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినగాని తేలదు. కంటికి కనరాని ఆ సన్నని పొరపైననే ఒక మంచి మందు నిలుచుటయో, త్రోసివేయబడుటయో ఆధారపడియున్నది.