ఆంగ్లమున గడచిన కాలము, గడువని కాలము

ఆంగ్లము నేర్చిన మన సోదరీమణులలో ననేకులు చక్కగా చదువుదురు, గ్రహింతురు. కాని వ్రాయవలసి వచ్చినప్పు డొక్కచోట వారి కలము నిలిచిపోవును. ‘ఐ వర్క్‌డ్’ అనవలెనా, ‘ఐ హ్యావ్ వర్క్‌డ్’ అనవలెనా? రెండును ‘పనిచేసితిని’ అనియే మనకు దోచును. ఈ చిన్న భేదమువలన గలుగు చిక్కు చిన్నది కాదు.

సికిందరాబాదునకు ఈశాన్యమున సైనిక్‌పురి యను కాలనీ గలదు. సైన్యమున గొలువు చేసి విశ్రాంతి గొన్నవారి కుటుంబములకై వెలసిన దగుటచే అచట బలుప్రాంతములవారు నివసింతురు. ఇరుగుపొరుగు మాటలయందును ఆంగ్లము తఱచు వినబడును. అచట మాకు బరిచితురాలగు నొక సోదరి యొక పాఠశాలలో దొమ్మిదేండ్లుగా నుపాధ్యాయినిగా నుండి, వేఱొక పాఠశాలకు దరఖాస్తు పెట్టినది. అందు ‘ఐ టాట్ ఫర్ నైన్ ఇయర్స్’ అని వ్రాసినది. చదివినవారు ఆమె పని మానివేసినదని తలచి, “ఎందుకు మానితిరి? ఎంతకాలమునుండి ఖాళీగా నున్నారు?” అని యడిగిరి. ఆమె యా యుదయముగూడ పాఠము చెప్పి వచ్చినది! ‘ఐ హ్యావ్ టాట్’ అని వ్రాసియున్నచో ఆ ప్రశ్నయే పుట్టకుండెడిది.

ఇందు ఆమె తెలివికి లోప మేమియు లేదు. మన భాష నడక వేఱు. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున భూత, వర్తమాన, భవిష్యత్తులును, తద్ధర్మమును మాత్రమే చెప్పబడినవి. భూతమును వర్తమానముతో ముడివేయు ప్రత్యేకకాలము వానిలో లేదు. ‘భోజనము చేసితిరా?’ యను ప్రశ్న నిన్నటికిని జెల్లును, ఇప్పటికిని జెల్లును. సందర్భమే యర్థమును దెలుపును. ‘పదేండ్లనుండి ఇచట నున్నాము’ అని చెప్పునపుడు వర్తమానమునే వాడుదుము. దానిని మాటకు మాట మార్చుటచే ‘వుయ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్’ అను తప్పు పుట్టుచున్నది. ‘వుయ్ హ్యావ్ లివ్‌డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అనుట సరియైనది. కాలపు కొలతకు ‘ఫర్’, ఆరంభమునకు ‘సిన్స్’ వాడవలెను.

మాకు దోచిన యుపాయ మిది. వ్రాయుటకు ముందు, ‘ఆ కాలమునకు దలుపు మూసితినా?’ యని ప్రశ్నించుకొనవలెను. నిన్న, పోయినవారము, 1998లో, నా చిన్నతనమున అనునవి మూసిన తలుపులు. వీనితో ‘హ్యావ్’ పొసగదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అనుట మనలో మిక్కిలి వ్యాపించిన తప్పు. ‘ఐ సా హిమ్’ అనవలెను. ఇంతవఱకు, ఇంకను, ఈ మధ్య అనునవి తెఱచిన తలుపులు. వీనికి ‘హ్యావ్’ తగును.

‘ఐ లాస్ట్ ది కీ’ యన్నచో తాళపుచెవి తరువాత దొరికియుండవచ్చును. ‘ఐ హ్యావ్ లాస్ట్ ది కీ’ యన్నచో ఇంకను వాకిటనే నిలిచియున్నామని యర్థము. ‘హీ హ్యాజ్ గాన్ టు ఢిల్లీ’ యనగా తిరిగి రాలేదు. ‘హీ హ్యాజ్ బీన్ టు ఢిల్లీ’ యనగా ఎప్పుడో పోయి వచ్చినాడు. విశ్రాంతి గొన్న సైనికునిగూర్చి ‘హీ సర్వ్‌డ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్’ అని వ్రాయుడు. ‘హ్యాజ్ సర్వ్‌డ్’ అన్నచో ఇంకను గొలువున నున్నాడేమో యని తోచును.

అమెరికానుండి వచ్చిన మనుమరాలు ‘డిడ్ యు ఈట్ యెట్?’ అన్నచో దిద్దబోకుడు. ఇంగ్లండువారు ‘హ్యావ్ యు ఈటెన్?’ అందురు, అమెరికాలో మొదటిదియు వాడుకయే. కాని దరఖాస్తువిషయమున రెండుదేశముల పద్ధతియు నొక్కటియే.

ఆంగ్లోపాధ్యాయుల శిక్షణకై 1958లో హైదరాబాదున నెలకొల్పబడిన సంస్థ, నేడు తార్నాకయందు విశ్వవిద్యాలయముగా నున్నది. అంతదూరము పోలేని గృహిణు లీ సాయంకాలము మీ యింటినిగూర్చి యైదు వాక్యములు వ్రాసి, ఒక్కొక్కదానికి దలుపు మూసినదా, తెఱచినదా యని చూచుకొనుడు. పిల్లల పుస్తకములు దిద్దునపుడు ఆ యభ్యాసము మీకే యక్కఱకు వచ్చును.